పుస్తకము నడుమ పెట్టుకొని మాటలాడుకొందము

(అధ్యక్ష మండల శతాబ్ది ఉత్సవముల సందర్భముగా సంఘస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో మాకు ముందు మాట్లాడినవారు మందిరములు, బడులు, ఆసుపత్రులు కట్టిన పెద్దలను జ్ఞాపకము చేసికొన్నారు. అది యుక్తమే. మాకు ఇచ్చిన అంశము వేరు. ఒంటి రంగును బట్టి, పుట్టుకను బట్టి తోటి మనిషిని తక్కువ చేసే దురాచారమును గూర్చి సంఘములో మాట మొదలుపెట్టుట ఎట్లు? అందుకు పుస్తకములు, బొమ్మలు, చలనచిత్రములు, చేతిలోని ఫోను ఎట్లు తోడ్పడగలవు? ఇదీ మా అంశము.

నూరేండ్ల పండుగలో ఈ చేదు మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. కాని మన తెలుగు సంఘముల చరిత్రలోనే ఈ మాట ఉన్నది. 1910వ సంవత్సరములో స్కాట్లండు దేశములోని ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి దోర్నకల్ ప్రాంతములో తిరునల్వేలి సంఘముల పక్షాన సేవ జరిగించుచున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఆ సభలో మాట్లాడారు. ఆయన వయస్సు అప్పుడు 35 సంవత్సరములు. ఎదుట కూర్చున్నవారిలో అత్యధికులు తెల్లవారు. తెల్ల మిషనరీకిని దేశీయ సేవకునికిని మధ్య ఉన్నది యజమాని పనివాని సంబంధమేగాని స్నేహము కాదని ఆయన వారి ముఖము ఎదుటనే చెప్పారు. చేయి కలుపుట, కుర్చీ వేయుట, భోజనమునకు పిలుచుట చిన్న సంగతులే అయినా, స్నేహము లేనిచోట అవి కూడ కరవవుతాయని వివరించారు. మీరు దానములు ఇచ్చారు, ప్రాణములు కూడ ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆ మాటకు కొందరు నొచ్చుకొన్నారు. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, ఆయన ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా కలకత్తాలో అభిషేకము పొందారు. ఆ ప్రసంగము మహాసభ నివేదికలలో అచ్చయినందువలననే ఇన్నేండ్ల తరువాత మనము దానిని చదివి మాట్లాడుకొనగలుగుచున్నాము. గాలిలో పోయే మాటను అచ్చు పట్టి నిలిపినది. మా అంశములోని మొదటి సంగతి ఇదే.

రెండవది, ఇటువంటి మాట నేరుగా ఎందుకు మొదలుకాదు అన్నది. ఒకరి ఇంటికి వెళ్ళి, "మీరు మనుష్యులను తక్కువగా చూస్తున్నారు" అంటే ఆ ఇంటి తలుపు మూసుకొంటుంది. తప్పు చేసినవాడు తన పక్షాన వాదించుకొంటాడు. బాధపడినవాడు, ఇప్పుడెందుకులే అని తల వంచుకొంటాడు. నాతాను ప్రవక్త దావీదు రాజు నొద్దకు వెళ్ళినప్పుడు మొదట నేరము చెప్పలేదు. బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. రాజు కోపముతో తీర్పు తానే చెప్పిన తరువాతనే ఆ మనుష్యుడు ఎవరో తెలిపాడు. కథ ఇద్దరి నడుమ ఉన్నప్పుడు మనిషి తన కవచము విప్పి వింటాడు. మంచి పుస్తకము చేసే పని ఇదే.

ఇందుకు ఈ కాలపు సాక్ష్యము ఒకటి చెబుతాము. అమెరికాలో అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ పట్టణములో నల్లవారిని బస్సులలో వెనుక కూర్చోబెట్టేవారు. ముందు భాగములో చోటు చాలకపోతే తెల్లవారి కోసము లేచి నిలబడమనేవారు. 1955 డిసెంబరులో రోజా పార్క్స్ అనే కుట్టుపని చేసే సహోదరి అట్లు లేవనందుకు అరెస్టయినది. అక్కడి నల్లవారు 381 దినములు బస్సు ఎక్కక కాలినడకన పోయి గెలిచారు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలియవలసినది మరొకటి ఉన్నది. ఆ ఉద్యమము ముగిసిన తరువాత, 1957 సంవత్సరము చివర, ఒక క్రైస్తవ శాంతి సమాజము వారు దాని కథను బొమ్మల పుస్తకముగా వేశారు. 16 పుటలు, వెల 10 సెంట్లు. సుమారు 2,50,000 ప్రతులు వేసి దేవాలయములలో, బడులలో పంచారు. పెద్ద చదువు లేనివారు కూడ చూచి అర్థము చేసికొనేటట్లు బొమ్మలు ఉన్నాయి. కొట్టినవానిని తిరిగి కొట్టకుండ ఎట్లు నిలబడవలెనో చివరి పుటలు మెట్టు మెట్టుగా నేర్పినవి.

ఆ పుస్తకము నెత్తుకొని దక్షిణ రాష్ట్రములలో తిరిగినవారిలో జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు సేవకుడు ఒకరు. ఆయనకు మన దేశముతో సంబంధమున్నది. 1953 నుండి 1956 వరకు నాగపూరులోని హిస్లప్ కళాశాలలో పనిచేస్తూ గాంధీగారి మార్గమును అధ్యయనము చేశారు. మాంట్‌గోమరీ వార్తను ఆయన మొదట చదివినది నాగపూరు పత్రికలోనే. తిరిగి వెళ్ళి నాష్‌విల్ నగరములోని ఒక మెథడిస్టు దేవాలయపు నేలమాళిగలో విద్యార్థులను కూర్చోబెట్టి మాట్లాడించారు. ఒకరు తెల్లవానిగాను, ఒకరు నల్లవానిగాను నటించి, తిట్లు, ఉమ్ములు భరించుట అభ్యాసము చేశారు. 1960 ఫిబ్రవరిలో ఆ విద్యార్థులు నల్లవారికి వడ్డించని భోజనశాలలలో వెళ్ళి కూర్చున్నారు. అదే సంవత్సరము మే నెలలో నాష్‌విల్ భోజనశాలలు అందరికీ తెరువబడినవి. ఆ విద్యార్థులలో ఒకరైన జాన్ లూయిస్ తరువాత అమెరికా కాంగ్రెసు సభ్యుడై, వృద్ధాప్యములో తన జీవితమును మూడు సంపుటముల బొమ్మల పుస్తకముగా వెలువరించారు. యౌవనములో తనను కదిలించిన ఆ 16 పుటల పుస్తకమే ఇందుకు ప్రేరణ అని చెప్పారు.

ఇక్కడ మనము గమనించవలసిన క్రమము ఒకటి ఉన్నది. పుస్తకము, దాని చుట్టు కూడిక, కూడికలో అభ్యాసము, ఆ తరువాత క్రియ. ఇందులో ఏ మెట్టు విడిచినా పని జరగదు. 2020 మే నెలలో మినియాపొలిస్ నగరములో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుని మెడపై ఒక పోలీసు మోకాలు పెట్టి చంపినప్పుడు, దారిన పోయే ఒక బాలిక ఫోనుతో తీసిన చిత్రము లోకమంతటా కనబడింది. మరుసటి నెలలో జాతివివక్షను గూర్చిన పుస్తకములు అక్కడి అమ్మకముల పట్టికలలో పైకి వచ్చినవి. ఊరూర పఠన కూటములు పుట్టినవి. అది మంచిదే. అయితే పుస్తకము కొని అలమారలో పెట్టుకొన్నంత మాత్రాన పొరుగువాని బ్రతుకు మారదని అక్కడి నల్లవారే అడగవలసి వచ్చింది.

బొమ్మకు ఉన్న బలము కూడ చూడండి. 1955లో మిసిసిపీ రాష్ట్రములో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏండ్ల పిల్లవానిని చంపినప్పుడు అతని తల్లి శవపేటిక మూయనివ్వలేదు. నా బిడ్డకు చేసినది లోకము చూడవలెనన్నది. నల్లవారి పత్రికలు ఆ ఫోటో అచ్చు వేసినవి. 1965 మార్చి 7న సెల్మా వంతెనమీద శాంతముగా నడుస్తున్నవారిని పోలీసులు కొట్టినప్పుడు, ఒక టెలివిజను సంస్థ ఆ రాత్రి వేస్తున్న చలనచిత్రమును ఆపి ఆ దృశ్యములు చూపినది. ఆపిన సినిమా నాజీ నేరములపై జరిగిన తీర్పును గూర్చినది. అయ్యో, ఆ దేశములో ఎంత ఘోరము జరిగింది అనుకొంటూ చూస్తున్నవారికి తమ దేశపు ఘోరమే కనబడింది. కొద్ది దినములకు వందలాది సేవకులు, మత గురువులు సెల్మాకు తరలి వచ్చారు.

పుస్తకమును ఎన్నుకొనేటప్పుడు వ్రాసినది ఎవరు అన్న ప్రశ్న కూడ వేసికొనవలెను. 1852లో హారియట్ బీచర్ స్టో వ్రాసిన 'అంకుల్ టామ్స్ కాబిన్' మొదటి సంవత్సరములోనే అమెరికాలో 3,00,000 ప్రతులు అమ్ముడుపోయింది. ఆమె ఒక బోధకుని కుమార్తె, వేదపండితుని భార్య. బానిసత్వము పాపమని లక్షలమందికి తోచునట్లు చేసినది ఆ నవల. కాని కాలక్రమమున అందులోని టామ్ అను పేరు నల్లవారిలో తిట్టుగా మారింది. అన్నిటికీ తల వంచే మనిషిగా తమను చూపుట వారికి నచ్చలేదు. అంతకు 7 ఏండ్లు ముందే, 1845లో, బానిసత్వము నుండి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ తన కథను తానే వ్రాసుకొన్నాడు. అందులో బానిస ఆలోచిస్తాడు, ఎదురు తిరుగుతాడు, దొంగచాటుగా చదువు నేర్చుకొంటాడు. రెండు పుస్తకములూ అవసరమే. మొదటిది జాలి పుట్టిస్తుంది. రెండవది గౌరవము పుట్టిస్తుంది.

మన తెలుగులో ఇటువంటి జత ఉన్నది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో వ్రాసిన 'మాలపల్లి' నవలను 1920లలో నాటి ప్రభుత్వము నిషేధించింది. బయటనుండి ప్రేమతో చూచి వ్రాసిన గొప్ప గ్రంథమది. 1941లో గుఱ్ఱం జాషువాగారి 'గబ్బిలం' వచ్చింది. అంటరానివాడైన ఒక మనిషి తన గోడు కాశీలోని శివునితో చెప్పమని గబ్బిలమును పంపుతాడు. ఆలయములోనికి అతనికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు ఉన్నది. అది లోపలినుండి వచ్చిన స్వరము. క్రీస్తు చరిత్ర వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవి కూడ ఆయనే. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన 'మాలపిల్ల' చలనచిత్రము ఊరూర వాదములు రేపింది. పుస్తకము, పాట, సినిమా మనకు క్రొత్త ఆయుధములు కావు.

జాతివివక్ష అమెరికావారి గొడవ, కులము మన గొడవ, రెంటినీ ఎందుకు కలుపుతారని అడుగువారున్నారు. రెండూ ఒకటి కావు, నిజమే. రంగు కంటికి కనబడుతుంది. కులము పేరు అడిగి, ఊరు అడిగి, పేట అడిగి తెలిసికొంటారు. కాని రెండు ప్రక్కల బాధపడినవారు ఒకరినొకరు గుర్తుపట్టారు. 1873లో జోతిరావు ఫూలేగారు తమ 'గులాంగిరి' గ్రంథమును నల్లవారి బానిసత్వము తొలగించుటకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో డాక్టరు అంబేద్కరుగారు అమెరికా నల్లజాతి పండితుడు డుబాయిస్ గారికి ఉత్తరము వ్రాశారు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్‌గారు మన దేశమునకు వచ్చినప్పుడు, తిరువనంతపురములోని ఒక బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన తోటి అస్పృశ్యుడని పిల్లలకు పరిచయము చేశారు. ఆ మాట మొదట ఆయనకు కష్టము తోచింది. తరువాత తన ప్రజల స్థితిని తలచుకొని, అవును, నేను అస్పృశ్యుడనే అనుకొన్నారు. 1965లో తమ దేవాలయపు ప్రసంగములో ఆయనే ఈ సంగతి చెప్పారు.

మనకు మరొక లంకె కూడ ఉన్నది. ఈనాడు మన బిడ్డలు అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రములోని ఒలేతా పట్టణములో ఒక తెలుగు ఇంజినీరును, నా దేశము విడిచి పొమ్మని అరచి కాల్చి చంపారు. ఆ వారము మన మందిరములలో ప్రార్థనలు చేసికొన్నాము. 2023 ఫిబ్రవరిలో అదే దేశములోని సియాటిల్ నగరపాలక సంఘము కులవివక్షను నిషేధిస్తూ చట్టము చేసింది. మన దేశమునుండి వెళ్ళినవారు తమతో కులమును కూడ తీసికొనిపోయిరని వాదన వచ్చుటవలన ఆ చట్టము అవసరమైనది. ఒకే గడ్డమీద మనవాడు దెబ్బ తిన్నాడు, మనవాడే దెబ్బ కొట్టాడు. ఈ రెండు వార్తలను ప్రక్క ప్రక్కన పెట్టి చదివిన ఇల్లు ఊరకుండలేదు.

ఇక మా పాస్టరేటులో జరిగినది చెబుతాము. మూడేండ్లుగా నెలకొక శనివారము సాయంకాలము పఠన కూటము జరుపుచున్నాము. ఇరువది, ముప్పదిమంది వస్తారు. మొదట మాంట్‌గోమరీ బస్సుల కథను తెలుగులో చెప్పి, బొమ్మలు గోడమీద చూపించాము. అందరూ బాధపడ్డారు, అన్యాయమన్నారు. చివరకు వెనుక చాపమీద కూర్చున్న ఒక తల్లి లేచి ఇట్లు అన్నది: "అయ్యగారూ, ఆ దేశంలో నల్లవాళ్ళను వెనక్కి పంపారని ఇంతసేపూ అందరం బాధపడ్డాము. మా పిల్ల నలుపని మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. ఆ మూడూ మన సంఘపు ఇళ్ళే."

ఎవరూ మాట్లాడలేదు. ఆ మూడు ఇండ్లలో ఒక ఇంటివారు అక్కడే ఉన్నారు. ఆ ఇంటి పెద్ద తరువాతి రెండు నెలలు కూటమునకు రాలేదు. తమను వేలెత్తి చూపుటకే ఆ కథ పెట్టారని ఆయన అన్నట్లు విన్నాము. కూటము ఆపివేయండని మాతో చెప్పినవారు కూడ ఉన్నారు. మేము పుస్తకము తీసికొనకుండ వట్టి చేతులతో ఆయన ఇంటికి వెళ్ళాము. కాఫీ ఇచ్చారు. చాలసేపు పొలముల సంగతి మాట్లాడారు. లేచేటప్పుడు, "తప్పని తెలుసు అయ్యగారూ. నలుగురిలో అనిపించుకోవడమే కష్టంగా ఉంది" అన్నారు. మేమేమీ జవాబు చెప్పలేదు, ప్రార్థన చేసి వచ్చాము.

మూడవ నెల ఆయన వచ్చారు. ఆ తరువాత పాస్టరేటు కమిటీలో మాట ఎత్తినవారు కూడ ఆయనే. మా సంఘములో పెండ్లి సంబంధముల కోసము నింపే కాగితము ఒకటి ఉన్నది. అందులో పేరు, చదువు, ఉద్యోగము తరువాత రంగు అని ఒక గడి ఉండేది. అది తీసివేయుదమన్నారు. వాదము జరిగింది. గడి తీసివేస్తే ఫోటో అడుగుతారు కదా అన్నారు కొందరు. చివరకు గడి పోయింది. దీనితో లోకము మారిందని మేము చెప్పము. ఏ పేట, ఎవరి తాలూకు అన్న ప్రశ్నలు కాగితముమీద ఎన్నడూ లేవు, నోటిమీదనే ఉన్నాయి, ఇంకను ఉన్నాయి. వచ్చే నెల 'గబ్బిలం' చదువవలెనని అనుకొన్నాము. సంఘములో మాల మాదిగ మాట వస్తుందని, అది చదవవద్దని కొందరు, చదివి తీరవలెనని కొందరు చెబుతున్నారు. ఆ పిల్ల నర్సు ఉద్యోగము చేస్తూ సెలవు దొరికినప్పుడు కూటమునకు వచ్చి పైకి చదువుతుంది. ఆమె గొంతు బాగుంటుంది.

ఈ అనుభవమునుండి సంఘములకు కొన్ని సలహాలు మనవి చేస్తాము.

పుస్తకము ఇంటికిచ్చి చదువుకొని రమ్మనుటకంటె, చిన్న భాగమును కూటములోనే పైకి చదువుట మేలు. చదువురాని అవ్వకును ఎం.ఏ. చదివిన మనుమరాలికిని అప్పుడు సమానముగా అందుతుంది.

చదివిన వెంటనే, మీ అభిప్రాయమేమని అడుగవద్దు. ఏమి జరిగింది, ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడకుండ ఊరకున్నారు అని అడగండి. మూడవ ప్రశ్నలో మనమందరము దొరుకుతాము.

బాధపడినవారిని, నీ అనుభవము చెప్పుమని నిలబెట్టవద్దు. వారు తమంతట తాము చెబితే వినవలెను. చెప్పకపోతే ఆ మౌనమును గౌరవించవలెను. వారి బ్రతుకు మనకు పాఠ్యపుస్తకము కాదు.

పిల్లలతో బొమ్మనుండి మొదలుపెట్టండి. 1940లో షికాగో చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ చిత్రించిన క్రీస్తు ముఖము కోట్ల ప్రతులుగా లోకమంతటా అచ్చయి, మన ఇండ్ల క్యాలెండర్లమీదకు కూడ వచ్చింది. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రములో విజయచందర్‌గారి ముఖము మన పల్లెలలో ఎందరికో తెలుసు. ఈ రెండు ముఖములను ప్రక్క ప్రక్కన పెట్టి, యూదయ దేశములో పుట్టిన ప్రభువు ఏ రంగువాడై ఉండునో పిల్లలను అడగండి. అంతియొకయ సంఘపు బోధకులలో నీగెరు అనబడిన సుమెయోను ఉన్నాడనియు, నీగెరు అనగా నలుపు అనియు చెప్పండి. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లి చేసికొన్నందుకు సణిగినవారు ఎవరో చదివించండి. నల్లని పిల్ల ఆ దినము తల ఎత్తుకొని ఇంటికి పోతుంది.

యౌవనస్థులతో ఫోనునుండి మొదలుపెట్టండి. 1975లో మన అంగళ్ళకు వచ్చిన తెల్లదనపు క్రీము, 2020లో లోకమంతట నిరసనలు లేచిన తరువాత 'ఫెయిర్' అను మాట తీసి 'గ్లో' అని పేరు మార్చుకొన్నది. ఆ ప్రకటనలను, నలుపుమీద హాస్యము చేసే సినిమా ముక్కలను వారే తెచ్చి చూపుదురు. ఇందులో నవ్వు ఎవరి ఖర్చుమీద వచ్చింది అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. కుటుంబపు వాట్సాప్ గుంపులో అటువంటి హాస్యము వచ్చినప్పుడు పెద్దవారిని అవమానపరచకుండ విడిగా ఫోను చేసి చెప్పుట కూడ వారికి నేర్పవలెను.

చివరిది, కూటము ముగియకముందే చేయదగిన ఒక చిన్న పని నిర్ణయించుకొనవలెను. ఒక గడి కొట్టివేయుట కావచ్చును. ఎన్నడూ పిలువని ఇంటివారిని భోజనమునకు పిలుచుట కావచ్చును, ఎన్నడూ తినని ఇంట భోజనము చేయుట కావచ్చును. సమాధుల తోటలో వరుస ఎట్లున్నదో ఒకసారి నడచి చూచుట కావచ్చును.

ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి పాస్టరేటు ఒక అలమార, ఇరువది పుస్తకములు, నెలకొక సాయంకాలము దీనికి ప్రత్యేకించవలెనని మా ప్రార్థన. ఖర్చు స్వల్పము. మొదటి సాయంకాలము పదిమంది వచ్చినా చాలును. రానివారి ఇంటికి మనము వెళ్ళవచ్చును.